న్యూటనా, ఐన్‌స్టీనా: ఏది సరళం?

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తితే కిందికి దూకే కృష్ణ నీళ్లకీ, పైనున్న చందమామకీ న్యూటన్ 1687లో ఒకే సూత్రం చెప్పాడు: దూరం రెట్టింపైతే ఆకర్షణ నాలుగో వంతవుతుంది. ఇంటర్ పిల్లలూ లెక్క కట్టేస్తారు. అదే గురుత్వాకర్షణకి ఐన్‌స్టీన్ 1915లో ఇచ్చిన సాధారణ సాపేక్ష సిద్ధాంతపు సమీకరణాలు అలా కాదు, చేత్తో సాధించాలంటే చుక్కలు కనిపిస్తాయి.

కానీ బుధగ్రహ కక్ష్య శతాబ్దానికి 43 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) అదనంగా ఎందుకు తిరుగుతుందో న్యూటన్ సూత్రం చెప్పలేకపోయింది. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఏ సర్దుబాటూ లేకుండా సరిగ్గా ఆ అంకెనే ఇచ్చింది! పైగా గాలి అడ్డు లేకపోతే గుండు, ఈక ఒకేలా పడటం న్యూటన్ దగ్గర వింత కాకతాళీయం. ఐన్‌స్టీన్‌కి అదే పునాది.

డ్యామ్ లెక్కలకి న్యూటన్ చాలు. అందానికి మాత్రం నా ఓటు ఐన్‌స్టీన్‌కే, ఎందుకంటే అక్కడ ముందే ఒప్పుకోవాల్సిన ఊహలు తక్కువ. అలాగని ప్రకృతి సరళంగానే ఉండి తీరాలని రుజువైపోలేదు. అణువుల లోకాన్ని వివరించే క్వాంటం సిద్ధాంతంతో ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి ఇంకా పొత్తు కుదరలేదు.