ఎర్రంచు నూలు చీర, ఎనిమిది ఉతుకుల తర్వాత

నెల్లూరులో మేడ మీద అద్దకం చేసే ఒకావిడ దగ్గర చీర చేయించుకున్నా. ఏళ్లపాటు మిల్లు ప్రింట్లకు డిజైన్లు గీసిన ఆర్టిస్టు, ఇప్పుడు మళ్లీ చెక్క అచ్చులు, వేర్లు, కాయల రంగులు పట్టుకున్నారు.

కార్తీకంలో ఆర్డరిస్తే పది రోజులన్నారు. ముసురు పట్టి, ఎండ లేక నెల పట్టింది. పండక్కి అందుతుందో లేదోనని ఒకటే టెన్షన్. ఆ వంకన రెండుసార్లు వెళ్లి పని చూశాను. కరక్కాయ పొడి, బర్రెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరేసిన గుడ్డ లేత పసుపుగా ఉంది. కుండలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో పులుస్తున్నాయి. ఆ నీళ్లు అచ్చుతో అద్దితే, గుడ్డలోని కరక్కాయ తగిలి నల్లబడతాయి. ఎరుపు అలా కాదు. ముందు పటిక అద్ది, తర్వాత మంజిష్ఠ వేరుతో ఉడికిస్తే, పటిక ఉన్నచోటే ఎర్రగా తేలుతుంది. అది చూస్తుంటే అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

పమిటలో ఒకచోట అచ్చు నూలుపోగంత పక్కకి జరిగింది. నాకు ఆ చోటే ఇష్టం. మొదటిసారి ఉతికినప్పుడు మాత్రం రంగు కొంచెం వదిలింది. విడిగా ఉతకాలని ముందే చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు కుంకుడు రసంతో ఉతికి నీడలో ఆరేస్తున్నాను, ఎరుపు దిగలేదు. ధర 3,200 రూపాయలు. అమ్మకి ఇంకొకటి చెప్పొచ్చాను, ఈసారి ఎండాకాలంలో.