ఆంకరేజ్‌లో 290 డాలర్లు పోగొట్టుకుని నోమ్‌లో అసలైన వాల్రస్ దంతం బ్రేస్‌లెట్ కొన్న కథ

జూన్‌లో నేనూ మావారూ అత్తయ్యా సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లొచ్చాం. గ్లేసియర్లు, డెనాలి రైలు, అన్నీ బానే జరిగాయి, వాటి గురించి అందరూ రాస్తారు. నేను రాసేది అలాస్కా మూలవాసులైన ఇనుపియాక్ వాళ్లు, మంచు సముద్రాల్లో ఉండే పొడుగు దంతాల జంతువు వాల్రస్ దంతంతో చెక్కే నగల గురించే.

ఆంకరేజ్ డౌన్‌టౌన్‌లో ఓ గిఫ్ట్ షాపులో సీల్ బొమ్మలున్న బ్రేస్‌లెట్లు చూపించి, కొట్టతను ఇవి పాతకాలం ఐవరీ, అంటే దంతం, ఇనుపియాక్ వాళ్లు చేత్తో చెక్కినవి అన్నాడు. ఒక్కోటి 145. ఆ ఊళ్లో సేల్స్ ట్యాక్స్ లేదు కదా అని నాకొకటి, మా ఆడపడుచుకొకటి, రెండు తీసేసుకున్నాం. రాత్రి రూములో అత్తయ్య రెండూ మంచం మీద పక్కపక్కన పెట్టి చూస్తూ "ఏమ్మా, ఈ సీల్‌కీ ఆ సీల్‌కీ ఎడమ రెక్క కింద ఒకేలాంటి గీత ఉందేంటి" అన్నారు. నిజమే, అదే చోట, అదే పొడవు. తిప్పి చూస్తే పొట్ట కింద సన్నగా అచ్చు గీత కూడా ఉంది. చేత్తో చెక్కిన రెండు బొమ్మలకి ఒకే గాటు పడదు కదండీ, అది అచ్చులో పోసిన ప్లాస్టిక్. మావారు ఆ రాత్రి భోజనం దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు.

పొద్దున్నే వెళ్తే రిటర్న్ లేదు అన్నాడు. నేటివ్ వాళ్లు, అంటే అక్కడి మూలవాసులు, చెయ్యనిదాన్ని వాళ్లు చేశారని అమ్మడం 1990 నుంచి అమెరికాలో నేరం, ఆ మాటే అన్నాను, కానీ మా బిల్లు మీద "బ్రేస్‌లెట్" అని తప్ప ఏమీ లేదు, నోటితో చెప్పిన మాటకి సాక్ష్యం ఏముంది. అందుకే చెప్తున్నా, ఏ వస్తువుతో చేశారు, ఎవరు చెక్కారు, ఏ ఊరు, ఈ మూడూ బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే బయటికి వచ్చెయ్యండి. కొత్త వస్తువైతే అలాస్కా ప్రభుత్వం నేటివ్ కళాకారులకిచ్చే సిల్వర్ హ్యాండ్ గుర్తు ఉందేమో అడగండి.

మా బాధ విని మోటెల్‌లో ఒకావిడ అలాస్కా నేటివ్ మెడికల్ సెంటర్‌లో క్రాఫ్ట్ షాపు ఉంది, అక్కడికి వెళ్లండి అంది. ఆసుపత్రిలో నగల కొట్టేంటని అత్తయ్య ఆశ్చర్యపోయారు. కానీ అక్కడే నేర్చుకున్నాం. కౌంటర్‌లో ఉన్నావిడ ఓ లాకెట్ వెనక్కి తిప్పి చూపించింది, అంచు నున్నగా మీగడ రంగులో ఉంది, మధ్యలో మాత్రం మచ్చలు మచ్చలుగా, అత్తయ్య మాటల్లో చెప్పాలంటే "పూసకట్టిన నెయ్యిలా". వాల్రస్ దంతం లోపలి భాగం అలాగే ఉంటుందట, ఏనుగు దంతానికైతే అడ్డదిడ్డంగా గళ్ల గీతలుంటాయి, ప్లాస్టిక్‌కి ఏమీ ఉండదు. సూది కాల్చి గుచ్చి చూడమని కొందరు చెప్తారు, ఆ పని మాత్రం చెయ్యకండి, మంచి వస్తువు పాడైపోతుంది.

అత్తయ్య శాకాహారి, దంతం అంటేనే మొదట పాపం అన్నారు. సముద్రపు జంతువుల్ని కాపాడే 1972 చట్టం తర్వాత అక్కడ వాల్రస్‌ని వేటాడే హక్కు తీరంలో ఉండే నేటివ్ వాళ్లకే ఉంది, మాంసం తింటారు, తోలుతో పడవలు కడతారు, దంతాన్ని చెక్కుతారు అని చెప్తే మెత్తబడ్డారు.

అసలైనది కొనాలని అలాస్కా పడమటి తీరంలో ఉన్న నోమ్ అనే ఊరికి బయల్దేరాం. నోమ్‌కి రోడ్డు లేదు, ఆంకరేజ్ నుంచి విమానం మనిషికి 430 అయింది. లాడ్జికి రాత్రికి 240, కర్టెన్లు పల్చన, జూన్‌లో అక్కడ రాత్రంటూ పడదు, ముగ్గురికీ నిద్రలేదు. అయినా మళ్లీ రమ్మంటే రేపే వెళ్తా.

అక్కడో చిన్న కొట్టులో పెద్దావిడ డబ్బాలోంచి పాత బ్రేస్‌లెట్ తీసింది. తొమ్మిది దంతపు బిళ్లలు, ఒక్కో దాని మీద ఒక్కో జంతువు, తెల్ల ఎలుగు, సీల్, వాల్రస్, తిమింగలం, నక్క... కళ్లు నల్ల సిరా చుక్కలు. ఏళ్ల తరబడి ఒంటికి తగిలి దంతం తేనె రంగుకి తిరిగింది. వెనక నెయ్యి పూసలు కనిపించాయి. సీల్ మెడ దగ్గర ఉలి జారిన గాటు ఉంది, అది ఆ ఒక్క సీల్‌కే ఉంది. వాళ్ల నాన్న చెక్కిందట, నోమ్ దగ్గర సముద్రంలో ఉన్న కింగ్ ఐలాండ్ ఆయన. ఆ ద్వీపం వాళ్లు ఎండాకాలం తోలు పడవల్లో నోమ్‌కి వచ్చి, పడవలు బోర్లించి వాటి నీడలో కూర్చుని చెక్కి అమ్మేవాళ్లు. 1959లో ద్వీపంలో బడి మూతపడ్డాక మెల్లగా అందరూ నోమ్‌కి వచ్చేశారు. 380 చెప్పింది, నేను బేరం ఆడలేదు. నాన్న పేరూ ఊరి పేరూ అడక్కుండానే బిల్లు మీద రాసిచ్చింది. సాగే తాడు వదులైందని అక్కడే కొత్తది ఎక్కించింది, డబ్బులు తీసుకోలేదు.

ఒక్క జాగ్రత్త, పర్మిట్ లేకుండా వాల్రస్ దంతం దేశం దాటించకూడదు, క్రూజ్ కెనడా మీదుగా వెళ్లినా అంతే. కాలిఫోర్నియాలో దీన్ని అమ్మడమూ నిషేధమే. మేం సియాటిల్‌కి నేరుగా ఎగిరాం కాబట్టి ఇబ్బంది లేదు.

అత్తయ్య తణుకు వెళ్లేటప్పుడు ఆ బ్రేస్‌లెట్ తీసుకెళ్లలేరని తెలిశాక, ఉన్న మూడు వారాలూ స్నానానికి తప్ప తియ్యలేదు. ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు తీసి నా చేతికి పెట్టి, ఆ గాటున్న సీల్‌ని లోపలి వైపుకి తిప్పి, ఇది ఇలా ఉంచుకో, దేనికీ తగలదు అన్నారు.