బెంగళూరులో క్రాఫుకి 150 ఇవ్వాలా, 1,200 ఇవ్వాలా?

ముందే చెప్పేస్తాను. మగవాళ్ళ పొట్టి క్రాఫుకి బెంగళూరులో 1,200 పోయడం దండగ. ఆడవాళ్ళ పొడుగు జుట్టుకీ, ఉంగరాల జుట్టుకీ మాత్రం 250 రూపాయల పార్లర్‌తో సరిపెట్టుకోవద్దు. జుట్టు పెరిగేది నెలకి సుమారు అరంగుళం. మూడంగుళాలు ఎక్కువ తెగితే ఆరు నెలలు ఓపిక పట్టాల్సిందే.

పెళ్ళికని వచ్చిన మా ముగ్గురూ, అంటే బావ, మేనల్లుడు, చెల్లెలు, మూడు రకాల చోట్ల తలలు అప్పజెప్పారు. బావది ఇందిరానగర్ వందడుగుల రోడ్డు. అద్దాల తలుపు, కాఫీ, మెత్తటి కుర్చీ. బోర్డు మీద కట్ 1,200. తల తడపకుండా కత్తెర పెట్టం అని చెప్పి హెయిర్ వాష్ 350 కలిపారు. కడుగుతూనే పెన్నులాంటి చిన్న కెమెరా మాడుకి ఆనించి, స్క్రీన్ మీద చుండ్రు పొలుసులు కొబ్బరి ముక్కలంత చేసి చూపించారు. అంత పెద్దది చేస్తే ఏ మాడైనా అలాగే కనిపిస్తుంది. దానికని జుట్టుకొక క్రీమ్ ట్రీట్‌మెంట్, 650. బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు, ఏ క్రీమూ దాన్ని బాగుచేయదు. పైన పూతలా ఉండి నాలుగు తలస్నానాలకి పోతుంది. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే, ఆ భయంతో ఏదీ కొనొద్దు. మొత్తం 2,200, జీఎస్టీ 110, వెరసి 2,310. బావ కారెక్కాక మారతహళ్ళి దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

బిల్లు గురించి ఇంకో మాట. సెలూన్ సేవల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం కాదు, 5 శాతం. పాత రేటు వేస్తే అక్కడే అడగండి. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేకపోతే అసలు పన్నే వసూలు చేయకూడదు. కుర్చీలో కూర్చోకముందే "కట్ ఒక్కటే, వాష్ వద్దు, అన్నీ కలిపి ఎంత?" అని అడిగేస్తే సగం గొడవ తప్పుతుంది.

పోనీ క్రాఫయినా బాగుందా అంటే, అక్కడి అద్దంలో బాగుంది. డ్రయ్యర్‌తో వేడి గాలి కొట్టి, మైనం రాసి, వేళ్ళతో దువ్వితే ఏ తప్పయినా దాక్కుంటుంది. తెల్లారి తలంటుకున్నాక బయటపడింది, నడినెత్తి సుడి దగ్గర జుట్టు పిలకలా లేచి నిలబడింది. సుడి దగ్గర జుట్టు గుండ్రంగా తిరిగి పెరుగుతుంది. అక్కడ మరీ పొట్టిగా కోస్తే పక్కకి వాలేందుకు బరువు చాలదు. పైగా పళ్ళ కత్తెరతో అక్కడే పల్చన చేశారు. ఆ కత్తెర ఎక్కువగా పడితే లోపల మిగిలిన పొట్టి వెంట్రుకలు పై జుట్టుని ఎగదోస్తాయి. సుడి చుట్టూ వేలి వెడల్పంత జుట్టు ఉంచమని ముందే చెప్పాలి. 50 నిమిషాలు కూర్చోబెట్టారు గానీ, కత్తెర ఆడింది ఇరవై నిమిషాలకి మించదు.

మేనల్లుడిది మారతహళ్ళిలో మూడు కుర్చీల షాపు, 150 రూపాయలు. యజమాని మదనపల్లె వైపు మనిషి, కత్తెర ఆయన చేతిలోనే ఉంటుంది. నేను చూసేది అదే. రోల్స్ రాయిస్ కారు కొన్నాక కూడా కత్తెర వదలని బార్బర్ రమేశ్ బాబు బెంగళూరువాడే మరి. ఖరీదైన చోట అలవాటుపడిన స్టయిలిస్ట్ ఆరు నెలలకి ఇంకో చోటికి మారిపోతాడు, మళ్ళీ మొదటికొస్తుంది.

మారతహళ్ళి యజమాని ఫేడ్ (కింద బాగా పొట్టిగా మొదలై పైకి పోయేకొద్దీ పొడవు పెరిగే క్రాఫు) చేసిన తీరు వివరంగా చెప్పాలి. ముందు మిషన్‌కి రెండో నంబరు గార్డు (దువ్వెన లాంటి తొడుగు), అంటే 6 మిల్లీమీటర్లు, తగిలించి చెవి పైదాకా ఎక్కించాడు. తర్వాత ఒకటో నంబరు, 3 మిల్లీమీటర్లు, అంతకంటే వేలెడు కిందిదాకా. ఆ కింద అర నంబరు. ప్రతిసారీ మిషన్ని తలకి ఆనించి నిటారుగా లాగలేదు, హద్దు దగ్గరికి రాగానే మణికట్టు తిప్పి గరిటెతో తోడినట్టు బయటికి తీశాడు. నిటారుగా లాగితే గీత పడుతుంది. రెండు నంబర్ల మధ్య మిగిలిన నీడని మిషన్ పక్కనున్న చిన్న మీట కొద్దికొద్దిగా తెరుస్తూ చెరిపాడు. మెడ వెనక చతురస్రంగా గీయకుండా కిందికి పల్చబరిచాడు. చతురస్రం వారానికే గడ్డిలా మొలుస్తుంది, పల్చబరిచింది మూడు వారాలు నిలుస్తుంది. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఇదే చేయి ఆదివారం ఉదయం పది నిమిషాల్లో ముగించేస్తుంది, అందుకని ఆదివారం వద్దు. మంగళవారం చిన్న షాపులు చాలావరకు మూసే ఉంటాయి. బుధ, గురువారాల మధ్యాహ్నం మేలు.

చవక షాపులో భయపడాల్సింది బ్లేడుకి కాదు, అది కళ్ళముందే కొత్తది విప్పుతున్నారు. భయమంతా పటిక బిళ్ళతో. ఒకే బిళ్ళ పదిమంది గాట్ల మీద రుద్దుతారు, రక్తం ద్వారా అంటుకునే రోగాలకి అది దారి. వద్దనండి. మెడకి కట్టే గుడ్డ కింద సొంత తువ్వాలు వేయించుకోండి. క్రాఫయ్యాక మెడ పట్టుకుని టక్కుమని విరుస్తారే, దాన్ని గట్టిగా వద్దనండి, మెడలోని రక్తనాళానికి చీలిక వచ్చే ప్రమాదం ఉంది. ఖరీదైన చోటా మెడకి భయం లేకపోలేదు. తల వెనక్కి వాల్చి కడిగే తొట్టి దగ్గర మెడ అతిగా వంగితే పక్షవాతం రావచ్చని అమెరికా నరాల వైద్యుడు మైఖేల్ వైన్‌ట్రాబ్ 1993లోనే రాశాడు. పెద్దవాళ్ళుంటే మెడ కింద మడత తువ్వాలు పెట్టించి, త్వరగా కానివ్వమనాలి.

మధ్యలో వైట్‌ఫీల్డ్ చెయిన్ సెలూన్లు, 450 దాకా. ఏసీ ఉంటుంది, ఎవరి చేయి పడుతుందో మన అదృష్టం.

ఇక చెల్లెలి సంగతి. పోయినసారి 250 పార్లర్‌లో యూ కట్ చేయిస్తే ఎడమవైపు రెండంగుళాలు కిందికి దిగింది. జుట్టంతా ఒకేసారి కిందికి దువ్వి, తల వంచమని ఒక్క వరసలో కోస్తే అంతే. ఈసారి ఇందిరానగర్‌లోనే, 1,800. ముందుగా కాలు మీద కాలు తీయమన్నారు. అలా కూర్చుంటే నడుము, దాంతో భుజం ఒరిగి గీత వంకరపోతుంది. జుట్టుని నడి పాపిట నుంచి నాలుగు పాయలు చేసి క్లిప్పులు పెట్టి, మెడ దగ్గరి పల్చటి పొర ముందు కోశారు. అదే కొలతగా పైపొర ఒక్కోటి దించి దానికి సరిపెట్టారు. చివర్లో అడ్డంగా దువ్వి మళ్ళీ సరిచూశారు. ఉంగరాలు ఆరాక పైకి ముడుచుకుంటాయని తడిగా ఉన్నప్పుడు అంగుళంన్నర ఎక్కువే ఉంచారు. ఈ గంట పనికి 1,800 ఇవ్వొచ్చు. చెల్లెలు ఆరోజంతా జడ వేసుకోలేదు.

ఎక్కడైనా సరే, ఎంత తీయాలో కాదు, ఎంత మిగలాలో వేలితో చూపించండి. ఢిల్లీలో ఒక హోటల్ సెలూన్‌లో 2018లో కింద నుంచి 4 అంగుళాలు తీయమంటే పై నుంచి 4 అంగుళాలే మిగిల్చారని ఒకావిడ కేసు వేసింది. 2021లో జాతీయ వినియోగదారుల కమిషన్ 2 కోట్ల పరిహారం ఇమ్మంది. 2023లో సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని పక్కన పెట్టి కేసు తిరిగి కమిషన్‌కే పంపింది. తెలుగు రాని చోట కన్నడంలో "సైడ్ సణ్ణ మాడి, మేలె స్వల్ప సాకు" (పక్కలు పొట్టిగా చేయండి, పైన కొంచెం చాలు) అంటే పనవుతుంది.

పెళ్ళికి ముందురోజు బావ మారతహళ్ళి షాపుకే వెళ్ళి సుడి చూపించాడు. ఆయన వేళ్ళతో అటూ ఇటూ దువ్వి చూసి, "మూడు వారాలు దీన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి సార్" అని, చెవుల వెనక మాత్రం సరిచేసి పంపాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.