రంగేసిన పాత టర్బోని కొత్తదని అమ్ముతున్నారు: తిరుపతి, చిత్తూరు కారు పిచ్చోళ్ళు జాగ్రత్త

మన వైపు ఇంటి దగ్గరే షెడ్డు వేసుకుని పాత స్పోర్ట్స్ కార్లు బాగు చేసుకునేవాళ్ళు, ముఖ్యంగా టర్బో (ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరిగి ఇంజన్లోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం) ఉన్న పెట్రోల్ బండి పెట్టుకున్నవాళ్ళు ఇది చదవండి. ఫోన్లోనే బేరం తేల్చి, చెన్నై నుంచి పార్సిల్లో "సీల్ ప్యాక్ ఒరిజినల్" అంటూ టర్బోలు పంపే ఒకాయన దగ్గర నాకు 38,000 రూపాయలు పోయాయి. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను కాబట్టి పేరు, నంబరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సరుకు ఆయన ఒక్కడి దగ్గరే ఉంటుందని కూడా నేననుకోను. అందుకే సరుకు ఎలా ఉంటుందో చెబుతాను.

నా బండి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, సిలిండర్‌కి ఐదేసి చొప్పున 20 వాల్వులు. యూరప్ వాళ్ళకి 180 హార్స్‌పవర్ ఇచ్చి మనకి 150తో సరిపెట్టారు గానీ, ఆ ఇంజన్ లాగుడు తెలిసినవాడు ఇంకో బండి జోలికి పోడు. బెంగళూరు నుంచి తెచ్చుకుని బుష్‌లు, బ్రేకులు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు అన్నీ ఇంట్లోనే మార్చుకున్నాం. మిగిలింది టర్బో. పాతదాని ఎగ్జాస్ట్ హౌసింగ్, అంటే పొగ వెళ్ళే ఇనుప డొప్ప, పగిలిపోయింది. దీంట్లో వచ్చేది కే03 అనే చిన్న టర్బో. ఆ రకం పాతబడితే వేస్ట్‌గేట్ రంధ్రం (ఎక్కువైన పొగని పక్కకి వదిలే దారి) దగ్గర పగుళ్ళు రావడం మామూలే.

అమ్మినాయన మాట తీరు మాత్రం బ్రహ్మాండం. "జర్మనీ పీసు సార్, బాక్సు కూడా తెరవలేదు. బిగించి మరచిపోండి" అన్నాడు. బిల్లు అడిగితే "28 శాతం ట్యాక్సు పడుతుంది సార్, మీకే లాసు" అని ఎస్టిమేట్ చీటీ ఒకటి రాసి ఫొటో పంపాడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే. ఇంకా 28 అని లెక్క చెప్పి బిల్లు ఎగ్గొట్టేవాడు తగిలితే అక్కడే ఫోన్ పెట్టేయండి. డబ్బు యూపీఐలో కొట్టాను కాబట్టి ఆ రికార్డయినా నా చేతిలో ఉంది.

పెట్టె తెరిస్తే సరుకు మెరిసిపోతోంది. బిగించడంలో మేమేమీ తక్కువ చేయలేదు. ఆయిల్ వచ్చే పైపు కొత్తది వేశాం. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చాం. టర్బోలో ఆయిల్ పోసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, ఆయిల్ అందేదాకా సెల్ఫ్ తిప్పి, అప్పుడు స్టార్ట్ చేశాం. పెట్టె విప్పిన దగ్గర్నుంచి అంతా మా తమ్ముడు ఫోన్లో వీడియో తీశాడు. ఇంత వివరం ఎందుకంటే, తర్వాత ఫోన్ చేస్తే ఆయన నోట వచ్చిన మొదటి మాట "ఆయిల్ లేకుండా స్టార్ట్ చేసుంటారు సార్" అని.

ఊళ్ళో తిరిగినంతకాలం బాగానే ఉంది. కరకంబాడి దాటి మామండూరు వైపు అడవి రోడ్డులో కొంచెం గట్టిగా తొక్కగానే అంబులెన్స్ కూత లాంటి శబ్దం మొదలైంది. అద్దంలో చూస్తే వెనకంతా నీలం పొగ. పక్కకి ఆపి బానెట్ ఎత్తితే కాలిన ఆయిల్ కంపు. పెట్రోల్ ఇంజన్లో టర్బోలోకి వచ్చే పొగ వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. అలాంటి ఇనుము మీద ఆయిల్ కారితే మంట లేవడానికి ఎంతసేపు? ఇదే ఇంట్లోవాళ్ళందరినీ ఎక్కించుకుని తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు జరిగి ఉంటే అని తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంటుంది.

బండిని ఇంటికి లాక్కొచ్చి, టర్బో విప్పి, లేత్ పనితో పాటు టర్బోలు కూడా విప్పి చూసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఏం సామీ, దీన్ని కొత్తదని ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు.

ముందు నేమ్ ప్లేటు చూపించాడు. ప్లేటు కొత్తది, దాని రివెట్లూ కొత్తవే. ప్లేటు పీకేస్తే కింద గ్రైండర్‌తో గీకేసిన గీతలు కనిపించాయి. ఎగ్జాస్ట్ హౌసింగ్ అంతా ఒకే బూడిద రంగు. నిజంగా కొత్తదైతే పోత పోసిన భాగం గరుగ్గా, గాస్కెట్ కూర్చునే ముఖం మిషన్ కోతతో నున్నగా, వేరేగా మెరుస్తూ ఉంటుంది. దీనికి ఆ ముఖం మీద కూడా ఇసుక కొట్టినట్టే ఉంది, అంటే పాతదాన్ని బ్లాస్టింగ్ చేసి పైన సిల్వర్ పూశారన్నమాట. బట్టతో పెట్రోల్ తుడిస్తే ఆ పూత వేలికి అంటుకుంది. దాని కింద, వేస్ట్‌గేట్ రంధ్రం పక్కన, వెంట్రుక మందంలో పగులు. నా పాత టర్బోకి ఏ రోగం ఉందో అదే రోగం దీనికీ ఉంది. 38,000 పోసి కొన్నది దాన్నే!

అసలు ప్రమాదం లోపల ఉంది. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, అదీ పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ. ఆ షాఫ్టు కొసన ఉండే రెక్కల చక్రం బరువులో రవ్వంత తేడా ఉన్నా బేరింగు నిలవదు. బ్యాలెన్సింగ్ కోసం ఫ్యాక్టరీలో కోసే గాటు నున్నగా, కొలత పెట్టి కోసినట్టు ఉంటుంది. దీని చక్రం వెనక ఎవరో హ్యాండ్ గ్రైండర్‌తో అడ్డదిడ్డంగా గీకారు. గాలి లాగే అల్యూమినియం రెక్కలు ఒక పక్క అరిగి, హౌసింగ్ లోపల గుండ్రంగా గీత పడింది. ఇంకొంచెం తొక్కి ఉంటే ఆ రెక్క ముక్క గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లోకి, అక్కడి నుంచి ఇంజన్లోకి పోయేదే.

పార్సిల్ అందగానే, బిగించకముందే షాఫ్టు కొసను రెండు వేళ్ళతో పట్టుకుని చూడండి. పక్కలకి కొంచెం కదిలితే భయపడొద్దు, లోపల ఆయిల్ లేనప్పుడు అది మామూలే. ముందుకీ వెనక్కీ కదలిక చేతికి తెలిస్తే మాత్రం తీసుకోవద్దు. పక్కకి నొక్కి పట్టి తిప్పినప్పుడు రెక్కలు గోడకి రాసుకున్నా అంతే. డబ్బు కట్టకముందు సీరియల్ నంబర్, గాస్కెట్ ముఖం, చక్రం దగ్గర నుంచి కనిపించేలా వీడియో కాల్లో చూపించమనండి. నాకు మాత్రం ఆయన పంపింది పెట్టె ఫొటోలే.

విప్పిన ఫొటోలు పంపాక ఆయన స్వరం మారింది. ముందు "మీ మెకానిక్ ఫిట్టింగ్ తప్పు" అన్నాడు, తర్వాత "బిగించాక రిటర్న్ లేదు సార్" అన్నాడు. ఆఖరికి ఇంకో 20,000 ఇస్తే ఇంతకంటే పెద్ద టర్బో పంపుతానని కొత్త బేరం పెట్టాడు! విదేశీ కార్ల నుంచి కోసిన హాఫ్‌కట్ ఇంజన్లు కూడా ఉన్నాయట. ఆ మాట అసలు వినొద్దు. దిగుమతి కాగితాలు లేని ఇంజన్ వేస్తే ఆర్‌సీలో నంబరు కలవదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 దాన్ని ఒప్పుకోదు. అదే చట్టం ప్రకారం మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు శిక్ష కూడా పడొచ్చు.

అమ్మినవాడు చెన్నైలో ఉన్నాడని వదిలేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ళ గడువు ఉంటుంది. నేను ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. లాయరు నోటీసు కూడా వెళ్ళింది, జవాబు ఇంకా రాలేదు. టర్బో, పీకిన ప్లేటు, పార్సిల్ రసీదు అన్నీ ఒక సంచిలో కట్టి పెట్టాను.

పుత్తూరు, నగరి, చిత్తూరు వైపు ఎవరైనా ఇలాంటి సిల్వర్ పూసిన టర్బో కొని ఉంటే, దాని నేమ్ ప్లేటు ఫొటో, మీకిచ్చిన ఎస్టిమేట్ చీటీ ఫొటో నాకు పంపండి. చేతిరాత ఒకటే అయితే నా ఫిర్యాదుకి జత చేస్తాను.