పాత గ్యాస్ పైపు: తవ్వి మార్చడమా, లోపలే కొత్తది పోయడమా? ఏది మేలు?

అమెరికా తూర్పు తీర నగరాల వీధుల కింద వందేళ్లు దాటిన పోత ఇనుప గ్యాస్ పైపులు ఇంకా ఉన్నాయి. వాటికోసం అక్కడి కేంద్ర ప్రభుత్వం రెండు దారుల్లో డబ్బు పెట్టింది. 2020లో ఇంధన శాఖలోని ఆర్పా-ఈ సంస్థ ‘రిపేర్’ అనే పరిశోధనకు 3.3 కోట్ల డాలర్లు ఇచ్చింది. పాత పైపును అచ్చుగా వాడుకుని లోపలే కొత్త పైపు తయారుచేయడం దాని ఉద్దేశం. 2021 మౌలిక వసతుల చట్టం కింద పైపులైన్ల భద్రత చూసే ఫిమ్సాకు ఏడాదికి 20 కోట్ల డాలర్ల చొప్పున ఐదేళ్ల గ్రాంటు దక్కింది. ఇది పాతవాటిని మార్చడానికో బాగుచేయడానికో. అదీ మునిసిపాలిటీలు, స్థానిక ప్రజలే నడిపే సంస్థలకు మాత్రమే. లాభాపేక్ష కంపెనీలకు పైసా రాదు.

ఈ పైపులు కారడానికి రెండు కారణాలు. మొదటిది అతుకు. అప్పట్లో జనపనార కూరి, పైన సీసం పోసేవారు. బొగ్గు గ్యాస్‌లోని తడికి నార ఉబ్బి బిగుసుకునేది. పొడిగా ఉండే సహజవాయువు వచ్చాక అది ఎండి సందులిచ్చింది. రెండోది మరీ దొంగ జబ్బు: నేల తేమకు లోహం పోయి గ్రాఫైట్ మాత్రమే మిగులుతుంది. ఆకారం మారదు, బలం ఉండదు. చలికాలంలో నేల గడ్డకట్టి కదిలితే పుటుక్కున విరుగుతుంది. 2011 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌లో ఐదుగురిని బలిగొన్న పేలుడుకు మూలం 1928లో వేసిన 12 అంగుళాల పోత ఇనుప పైపే.

తవ్వి పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ పైపు వేస్తే ఈ రెండు జబ్బులూ పోతాయి. కానీ ఖర్చు! రద్దీ నగరంలో మైలుకు కోటి డాలర్ల దాకా పోవచ్చని ఆర్పా-ఈ అంచనా. ఆ లెక్కన రిపేర్ పరిశోధన సొమ్మంతా కలిపి మూడు మైళ్ల తవ్వకానికి సరి. పైగా కొత్త పైపు బలం దాని అతుకుల్లోనే ఉంటుంది. కొసలు చెక్కి, శుభ్రం చేసి, 204–232 డిగ్రీల సెల్సియస్ పలకతో కరిగించి నొక్కాక, గోడ మందం అంగుళానికి 11 నిమిషాల చొప్పున ఒత్తిడిలోనే చల్లారనివ్వాలి. తొందరపడి, పైపును బిగించి పట్టే క్లాంపులు ముందే విప్పితే, దుమ్మో తడో మిగిలితే, పైకి బాగున్నా లోపల పట్టు ఉండదు. 2014లో న్యూయార్క్ ఈస్ట్ హార్లెమ్‌లో ఎనిమిది మంది చనిపోయిన ప్రమాదంలో బయటపడ్డ లోపాల్లో ఒకటి ప్లాస్టిక్ పైపుకు సర్వీస్ టీ (ఇంటి కనెక్షన్ చీలే ముక్క) అతికిన చోటే. హైదరాబాద్, విజయవాడల్లో పాలిథిలిన్ గ్యాస్ లైన్లు వేసేవాళ్లకు నేరుగా పనికొచ్చే పాఠం ఇదే, లైనింగ్ (పాత పైపు లోపల పూత వేయడం) కాదు.

పాత పైపులోకే చిన్న పాలిథిలిన్ గొట్టం లాగడం మధ్యే మార్గం. లోపలి వెడల్పు తగ్గుతుంది కనుక గ్యాస్ ఒత్తిడి పెంచాలి, పెంచితే ఇంటింటికీ రెగ్యులేటర్ బిగించాలి.

రిపేర్ పెట్టుకున్న లక్ష్యం మైలుకు 5 నుంచి 10 లక్షల డాలర్లు, గ్యాస్ ఆపినందువల్ల పడే భారంతో సహా. 10 అంగుళాలు, అంతకు మించిన పైపులకే. ఆయుష్షు కనీసం 50 ఏళ్లు. ఇందులో అసలు మెలిక ఒకటుంది: మామూలు లైనింగ్ పాత పైపు మీద ఆధారపడుతుంది, ఇక్కడ మాత్రం పాతది పూర్తిగా తుప్పుపట్టి పోయినా లోపలిది ఒంటరిగా నిలబడాలి. పైపులోకి దూరి ఈ పని చేసే రోబోలు వంపులు దాటాలి, తుప్పునూ తారునూ గీకెయ్యాలి, పూత సమంగా వేసి దాన్ని కొలవాలి. గోడ తడిగా ఉంటే పూత పట్టదు. ఇళ్లకు పోయే కనెక్షన్ల రంధ్రాలు మూసుకుపోతే లోపలి నుంచే మళ్లీ తెరవాలి. మైలు పొడవునా ఇళ్లు ఉన్న వీధిలో ఈ చివరి పనే మొత్తం ఖర్చును తేలుస్తుంది.

నా ఓటు పైపు వెడల్పును బట్టే. 4, 6 అంగుళాల పైపులు నేల కదిలి వంచితే తేలిగ్గా విరిగే రకం, పైగా అవి రిపేర్ పరిధిలోనే లేవు. వాటికి గ్రాంటు సొమ్ముతో తవ్వకమే సరి, పరిశోధన ఫలితం కోసం ఆగకూడదు. ట్రాఫిక్ ఆపలేని వీధిలోని 12, 16 అంగుళాల పైపుకు లైనింగే మేలు. అయితే టెండరు ఇచ్చే ముందు పాత పైపుకు నిలువునా కోత పెట్టి, లోపలి దాన్ని పూర్తి ఒత్తిడిలో పరీక్షించిన ఫలితం చూపమనాలి. మచ్చుకు చేసే ఆ పరీక్షలో సర్వీస్ రంధ్రం ఉన్న ముక్క తప్పనిసరిగా ఉండాలి.