మిర్చి బస్తాలకు 1.7 టన్నుల బొలెరోయే

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలేవారు బొలెరో మ్యాక్స్ పికప్‌లో 1.3 టన్నులదా, 1.7 టన్నులదా అని తటపటాయించనక్కరలేదు. పెద్దదే తీసుకోండి. రెండింటిలోనూ 2523 సీసీ డీజిల్ ఇంజనే, అసలు తేడా మోసే బరువులో. 40 కిలోల టిక్కీలు (మిర్చి బస్తాలు) చిన్నదానిలో 32 దాటితే పరిమితి మించినట్టే. పెద్దదానిలో 42 వరకు నిశ్చింతగా వేయవచ్చు. నిండు లోడుతో చిలకలూరిపేట వైపు నుంచి వస్తూ గుంటలో పడినా నా బండి వెనక భాగం పక్కకు ఊగదు, స్టీరింగు తేలిపోదు. తిరుగు ప్రయాణంలో ఖాళీ బండి మాత్రం కమాన్లు (వెనక స్ప్రింగు పట్టీలు) గట్టిగా ఉండి ఎగిరెగిరి పడుతుంది, నడుము పట్టేస్తుంది. పట్నంబజారు సందుల్లో కిరాణా సరుకు దించేవారికి చిన్నదే నయం. కొనేముందు ఖాళీ బండిలో తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి. బస్తాలు వేయించి, ఫ్లైఓవరు ఎక్కించి, సగంలో ఆపి మళ్లీ కదిలించి చూడండి.