రోబో చిప్పు మంచిదే, అతుకే ముంచింది

అంతర్వేది తీర్థంలో మా మేనల్లుడికి కొన్న రోబో గురించి చెప్పడానికేం లేదు. అందరిళ్లలో ఉండేదే. నడుస్తుంది, అరుస్తుంది, కళ్లలో రెండు ఎర్ర బల్బులు. నేను చెప్పేది ఆ బల్బులు పీకేసి లోపల పెట్టిన డబ్ల్యూఎస్2812బి ఎల్‌ఈడీ స్ట్రిప్పు సంగతి. ఒక్కో లైటుకీ ఓ చిప్పు ఉండి, దేని రంగు దానికి విడిగా మార్చుకోగలిగే లైట్ల పట్టీ అది. పెట్టి ఏడాది దాటింది. ఇప్పటికీ దాన్ని చూస్తే ముద్దొస్తుంది, ఆ అతుకు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

ఒక్క డేటా తీగతో కళ్లకి నీలం, ఛాతీకి పచ్చ, వీపుకి నారింజ వేసుకోవచ్చు. ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై కంట్రోలర్ బోర్డులో, లైట్లు నడిపే డబ్ల్యూఎల్‌ఈడీ అనే ప్రోగ్రాం ఎక్కిస్తే రంగులన్నీ ఫోన్లోంచే మారతాయి. నేను ఊహించని సుఖం ఇంకోటుంది. స్ట్రిప్పుకి 5 వోల్టులు కావాలి, బ్యాటరీ వోల్టేజీని పెంచే బూస్టర్ పెట్టమంటారు అందరూ. రోబో పొట్టలో దానికి చోటెక్కడిది? 18650 అనే లిథియం బ్యాటరీ సెల్లునే నేరుగా తగిలించా. బోర్డుకి మాత్రం వోల్టేజీని 3.3కి దించే రెగ్యులేటరు వేరే. శుభ్రంగా వెలిగింది. పైగా స్ట్రిప్పులోని ఈ చిప్పు, డేటా తీగలో వచ్చే సిగ్నలు తనకిచ్చిన వోల్టేజీలో 70 శాతం ఉంటేగానీ లెక్కచెయ్యదు. 5 ఇస్తే 3.5 అడుగుతుంది, బోర్డు ఇచ్చేదేమో 3.3. నిండు సెల్లు 4.2 కాబట్టి 2.94తోనే సరిపెట్టుకుంటుంది. సిగ్నలు వోల్టేజీని పెంచే లెవెల్ షిఫ్టరు ఖర్చు తప్పింది.

ముసురు పట్టాక మొదలైంది అసలు కథ. ఛాతీ లైట్లు కాసేపు పిచ్చి రంగులు చూపించి ఆరిపోయాయి. కళ్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. "మావయ్యా, దీనికి కడుపు నెప్పా?" అన్నాడు వాడు. బోర్డు మార్చి చూశా, ప్రోగ్రాం మళ్లీ ఎక్కించా, డేటా తీగ మీది 470 ఓముల రెసిస్టరూ మార్చా. ఊహూఁ. ఈ స్ట్రిప్పులో డేటా ఒక ఎల్‌ఈడీలోంచి ఇంకోదానికి వెళ్తుంది. పైన కాలవ పూడితే శివారు చేలు ఎండినట్టు, ఎక్కడ తెగితే అక్కణ్ణించి కింద అంతా చీకటే. మల్టీమీటరు పట్టుకుని, తీగలు అతికే రాగి బిళ్లలు ఉంటాయే, ఆ ప్యాడ్లు ఒక్కొక్కటీ తడిమితే ఛాతీ మొదట్లో తెగిన చోటు దొరికింది.

ఈ స్ట్రిప్పుల్ని అర మీటరు ముక్కలు అతికి చుట్టగా చుడతారు. నాకు అమ్మినవాళ్లు కోసిచ్చిన ముక్కలో ఆ అతుకు సరిగ్గా ఛాతీ దగ్గరకే వచ్చింది. టంకం అంటుకోడానికి రాసే ఫ్లక్సు కడగకుండా కిందే ఉండిపోయింది, దాని మీద మా ఉప్పుగాలి తేమ. రాగి పచ్చగా చిలుం పట్టి పొడిపొడిగా రాలింది. అతుకులేని చోట ఒక్క మచ్చ లేదు చూడండి! సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడికి చూపిస్తే నవ్వేశాడు. "ఆయ్, సముద్రం గాలండి. మా దగ్గరికొచ్చే ఫోన్లలో సగం ఇదేనండి" అన్నాడు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో బ్రష్షు ముంచి రుద్ది, కొత్తగా టంకం వేసి, పైన మా అక్క రంగులేని గోళ్ల పాలిష్ పూశాడు. ఆ అతుకు మళ్లీ పేచీ పెట్టలేదు. రోబో వీపు మరలు మాత్రం తుప్పెక్కుతూనే ఉన్నాయి.

పైన సెల్లు సంగతి గొప్పగా చెప్పా గానీ, చార్జింగు తగ్గేకొద్దీ తెలుపు ఎర్రబారుతుంది. నీలానికీ ఆకుపచ్చకీ ఎక్కువ వోల్టేజీ కావాలి మరి. నీలం కళ్లు మసకేస్తాయి. మావాడు "దానికి నిద్దరొస్తోంది" అని చార్జింగుకి పెట్టేస్తాడు కాబట్టి మాకు నడిచిపోతోంది. రంగులు కచ్చితంగా కావాలనుకునేవాళ్లు బూస్టర్ పెట్టుకోవాల్సిందే.

హైదరాబాదులోనో కర్నూల్లోనో ఉంటే నేను ఇంత తిట్టేవాణ్ణి కాదేమో. మాలా ఉప్పుగాలి తగిలే సఖినేటిపల్లి, రాజోలు వైపు వాళ్లయితే అతుకులేని ముక్క అడిగి తీసుకోండి, ప్యాడ్ల మీద ఏదో ఒక పూత వేయండి. ఒక ఎల్‌ఈడీ పోయినా మిగతావి ఆగకుండా అదనపు డేటా దారి ఉన్న డబ్ల్యూఎస్2813 వేద్దామని నాకూ ఉంది. దానికి నాలుగు తీగలు లాగాలి, మా రోబో మెడలో మూడే పడతాయి.